చూచిరాత: దీపాలదిన్నె రాళ్లు కాగితం మీదికి ఎక్కిన కథ

రాయి పోయింది, బొమ్మ మిగిలింది. ఈ సంచికలో చెప్పబోయే కథంతా ఆ రెండు ముక్కల్లో ఉంది.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టడం, ఆ కట్టుబడికి రాయి కావాలని పాత స్తూపపు దిబ్బ అయిన దీపాలదిన్నెను తవ్వించడం కిందటి సంచికలో చూశాం. దిన్నెలోంచి బయటపడ్డ పలకలు కొన్ని కొత్త కట్టడాల్లోకి వెళ్లాయి. కొన్ని సున్నం బట్టీల్లోకి వెళ్లాయి. అది పలనాటి సున్నపురాయి. ఉలికి మెత్తగా లొంగుతుంది, కాలిస్తే తెల్లటి సున్నం అవుతుంది. శాతవాహనుల కాలపు శిల్పికి పనికొచ్చిన రాయే బట్టీవాడికీ పనికొచ్చింది. ఎవరో కట్టుకున్న ఇంటి గోడకు పూసిన సున్నంలో ఏ జాతక కథ కలిసిపోయిందో ఇక ఎవరూ చెప్పలేరు.

అయితే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఒక బొమ్మల సంపుటి ఉంది. 1816 మొదలు కొన్నేళ్లపాటు అమరావతి పలకలను ఎదురుగా పెట్టుకుని గీసిన బొమ్మలు అవి, 80కి పైగా. పెన్సిలు గీత, దాని మీద సిరా, నీడ పడాల్సినచోట పలచని రంగు పూత. పలక ఎక్కడ విరిగిందో గీత కూడా అక్కడే ఆగుతుంది. కొలత ఎంతో కింద రాసి ఉంటుంది. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్లు కొన్ని ఇవాళ చెన్నై మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్‌లో ఉన్నాయి, కొన్ని ఎక్కడా లేవు. ఎక్కడా లేని వాటికి ఆ కాగితమే దిక్కు.

మా బడిలో మూడో తరగతి దాకా రోజూ చూచిరాత ఉండేది. పైన అచ్చులో ఒక వాక్యం, కింద ఖాళీ వరుసలు. మా పంతులుగారు అర్థం అడిగేవారు కాదు. తలకట్టు ఎక్కడ మొదలైంది, కొమ్ము ఎక్కడ ఆగింది, వట్రసుడి ఎంత లోతు దిగింది, అదే చూసేవారు. మక్కికి మక్కి దింపితే ఒక మార్కు ఎక్కువ పడేది. ఆ వయసులో అదంతా దండగ పనిలా తోచింది. అమరావతి బొమ్మల అచ్చుప్రతులు మొదటిసారి చేతిలోకి వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆ చూచిరాత పుస్తకమే. ఇవి గీసినవాళ్లు కూడా చూచిరాత రాసిన పిల్లలే.

వాళ్లను పనిలోకి దింపిన మనిషి కాలిన్ మెకంజీ. స్కాట్లండుకు పడమట లూయిస్ దీవిలో స్టోర్నోవే అనే చిన్న రేవు ఆయన ఊరు. 1783లో కంపెనీ సైన్యంలో ఉద్యోగిగా మద్రాసులో దిగాడు, మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. దీపాలదిన్నెకు ఆయన మొదట వచ్చింది 1790ల చివర్లో. అప్పుడు తవ్వకం తాజాగా ఉంది. చూసింది రాసుకుని, ఆ రాతను 1807లో కలకత్తా ఏసియాటిక్ సొసైటీ పత్రిక 9వ సంపుటంలో అచ్చు వేయించాడు. ఆయనకు తెలుగునాట కళ్లూ చెవులూ అయినవాళ్లు ఏలూరు కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో, ముప్పయ్యేళ్లు కూడా నిండకుండానే పోయాడు. ఆ పని లక్ష్మయ్య భుజాన పడింది. వీళ్ల గురించి ఒక సంచికంతా రాయాలి, రాస్తాను. ఇక్కడ ఒక్క మాట చాలు. మెకంజీ ఊరూరా సేకరించాడని మనం చెప్పుకునే శాసనాలు, కైఫియ్యత్తులనే ఊళ్ల చరిత్రల వెనక కరణాల ఇళ్ల అరుగుల మీద కూర్చుని ఓపిగ్గా అడిగినవాళ్లు ఈ అన్నదమ్ములూ, వీళ్లలాంటి మరికొందరూ.

జావా దండయాత్ర ముగించుకుని వచ్చిన మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ మరుసటేడే మళ్లీ అమరావతి చేరాడు. ఈసారి చూసిన దృశ్యం వేరు. దిన్నె నడుమ, ఒకప్పుడు స్తూపం గుమ్మటం లేచిన చోట, చెరువు తవ్వారు. దాని పేరు శివగంగ. కట్టడం నడిబొడ్డు నీళ్ల పాలైంది. చుట్టూ ఇంకా మట్టిలో ఉన్న పలకలను వెలికితీయిస్తూ, తీసినదాన్ని తీసినట్టు గీయించడం మొదలుపెట్టాడు.

గీసినవాళ్లు ఎవరు? కొందరు మద్రాసు సర్వే బడిలో తయారైన కుర్రాళ్లు. తెల్ల సైనికులకూ ఈ దేశపు స్త్రీలకూ పుట్టి, అనాథాశ్రమంలో పెరిగినవాళ్లు ఆ బడిలో ఎక్కువ. 1794లో ఆ బడి పెట్టిన మైకేల్ టాపింగ్ మన తీరాన్ని కొలిచినవాడే. 1796లో బందరులోనే కన్నుమూశాడు. ఈ కుర్రాళ్లతోపాటు దేశీయ చిత్రకారులు కూడా మెకంజీ కొలువులో ఉండేవారు. బడిలో వాళ్లు నేర్చిన చదువులో పెద్ద వంతు నకలు తీయడమే. గొలుసుతో పొలం కొలవడం, కోణం చూడడం, లెక్క కట్టడం, ఆపైన పెద్ద పటాన్ని చూసి చిన్న పటం, చిన్న పటాన్ని చూసి పెద్ద పటం. ఒక్క పటానికి నాలుగైదు ప్రతులు కావాలి. అచ్చు వేసే వీలు లేదు. కాబట్టి చెయ్యి తిరగాలి, కన్ను తప్పకూడదు. సొంత కవిత్వం పనికిరాదు.

ఈ పద్ధతి మద్రాసులో పుట్టింది కాదు. అంతకు మూడు వందల ఏళ్ల ముందు ఇటలీ చిత్రకారుల పనిశాలల్లో పిల్లల్ని ఇలాగే తయారుచేసేవారు. పదేళ్లు పన్నెండేళ్ల కుర్రాడిని తండ్రి తీసుకొచ్చి గురువు దగ్గర వదిలేవాడు. రంగులు నూరడం, పలకలు తుడవడం, ఆ తర్వాత గురువు గీసిన బొమ్మ చూసి గీయడం. 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నిని అనే చిత్రకారుడు రాసిన వృత్తి పుస్తకంలో కూడా శిష్యుడికి చెప్పింది అదే: మంచి గురువును ఒక్కడిని ఎంచుకో, రోజూ అతడి బొమ్మ చూసి గీస్తూ ఉండు. మన ఆడపిల్లలు ముగ్గుల పుస్తకంలో చుక్కలు పెట్టి, అమ్మ వేసిన మెలిక ముగ్గును ఎత్తి రాసుకున్నట్టే.

15వ శతాబ్దం చివరికి ఆ పనిశాలల్లోకి కొత్త వస్తువు వచ్చింది. రాగి రేకు మీద సన్నటి ఉలితో గీతలు చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితం వేసి ఒత్తితే బొమ్మ పడుతుంది. రాగి రేకు అంటే మనకు దానశాసనం. ఒక్క రాజు, ఒక్క దానం, ఒక్క రేకు. వాళ్ల రాగి రేకు వందల కాగితాలు ఇచ్చేది. ఎక్కడో జర్మనీలో చెక్కిన బొమ్మ సంతలో కొన్న కాగితంగా ఫ్లారెన్సు కుర్రాడి చేతికి వచ్చేది. గురువు ఎదుట లేకపోయినా గురువు గీత వచ్చేది. ఒత్తినప్పుడు కుడి ఎడమవుతుంది కాబట్టి చెక్కేవాడు అంతా తిరగేసి ఆలోచించాలి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. టేకు దిమ్మ మీద వాళ్ల తీగ ఎప్పుడూ అటునుంచి ఇటే పాకుతుంది.

మార్టిన్ షోన్‌గవర్ అనే జర్మన్ కళాకారుడు అలా చెక్కిన ఒక బొమ్మలో ఆంథొనీ అనే సాధువును దయ్యాలు గాలిలోకి ఎత్తి పీక్కుతింటూ ఉంటాయి. దాన్ని చూసి రంగుల్లో నకలు తీసిన కుర్రాళ్లలో మైకెలాంజెలో ఒకడు. అప్పటికింకా పసివాడు. దయ్యాల ఒంటి మీది పొలుసులు ఎలా ఉండాలో చూడ్డానికి చేపల అంగడికి వెళ్లాడని అతని జీవితచరిత్ర రాసినవాళ్లు చెప్పారు. ఈ కథ నాకు చాలా ఇష్టం. నకలు తీయడమంటే కళ్లు మూసుకుని గీత వెంట పోవడం అనుకునేవాళ్లకు ఇది జవాబు. గురువు బొమ్మలో పొలుసు ఉంది. ఆ పొలుసు నిజమో కాదో తేల్చుకోవడానికి కుర్రాడు చేప దగ్గరికి పోయాడు. బందరువాళ్లకైతే ఈ కథలో వింతేమీ కనపడదు. ఊరి పేరులోనే చేప ఉంది.

నకలు విలువ ఆ తరం వాళ్లకే మరోలా తెలిసొచ్చింది. 1505లో ఫ్లారెన్సు నగర సభామందిరం గోడ మీద లియొనార్డో డావిన్చీ ఒక యుద్ధం బొమ్మ మొదలుపెట్టాడు. అది పూర్తి కాలేదు. 1560లలో ఆ మందిరాన్ని తిరగకట్టినప్పుడు ఆ గోడ కొత్త బొమ్మల కిందికి పోయింది. జెండా కోసం గుర్రాల మీద పెనుగులాడే ఆ నలుగురు సైనికులు ఇవాళ మనకు తెలుసంటే, 1558లో లొరెన్జో జక్కియా అనే ఆయన చెక్కిన రాగి రేకు బొమ్మ ఒక కారణం. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రూబెన్స్ బొమ్మ ఇంకో కారణం. రూబెన్స్ 1577లో పుట్టాడు. అసలు గోడను అతను చూడనేలేదు. ఎవరో తీసిన నకలును తీసుకుని, దాని మీద తన చెయ్యి నడిపాడు. అదే మందిరం కోసం మైకెలాంజెలో పెద్ద కాగితం మీద సిద్ధం చేసిన మరో యుద్ధం బొమ్మది ఇంకా చిత్రమైన గతి. నేర్చుకోవాలని వచ్చిన కుర్రాళ్ల చేతుల్లో పడి ఆ కాగితం ముక్కలు ముక్కలైంది. ఆ కుర్రాళ్లలో ఒకడైన సంగాల్లో 1542లో వేసిన నకలు ద్వారానే ఆ కూర్పు మనకు తెలుసు. నకలు కోసం ఎగబడి అసలును చింపారు. అసలు ఎలా ఉండేదో చెప్పడానికి ఆ నకలే సాక్షి అయింది.

అమరావతిలో రాయిని చింపినవాళ్లు, గీసినవాళ్లు వేర్వేరు. కానీ మిగిలిన లెక్క అంతా ఒకటే.

ఇక దీపాలదిన్నెకు తిరిగి వద్దాం. బెజవాడ నుంచి నదికి ఎదురుగా, పడమటికి 35 కిలోమీటర్లు పోతే కుడి ఒడ్డున అమరావతి. ఆనకట్ట ఇంకా లేదు, అది 1855కు గాని తయారు కాలేదు. వేసవిలో కృష్ణ ఇసుకలో పాయలుగా సాగే నది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో సున్నపురాయి పలక పక్కన కూర్చుని, చెక్కడం లోతు కనిపించేలా వెలుగు పడే వేళ కోసం కాచుకుని గీయాలి. అమరావతి పలక ఒకటి చూసినవాళ్లకు ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. అరచేతి వెడల్పు చోటులో ఏడెనిమిది మంది మనుషులు. ఒకరి భుజం మీంచి ఒకరి తల, ఒకరి నడుం వెనక ఇంకొకరి చెయ్యి. ఏనుగు తొండం ఎత్తితే వీధిలో జనం ఇటు పరుగు, అటు పరుగు. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూపు. పిచ్చెక్కించిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతపరచిన ఆ కథను చెక్కిన గుండ్రని పలక ఇప్పుడు చెన్నై ఎగ్మూరులో ఉంది. వెళ్లినప్పుడు దాని ముందు పది నిమిషాలు నిలబడండి. ఆ తర్వాత ఒక కాగితం తీసి, అందులో ఏ కాలు ఎవరిదో గీసి చూడండి. నేను ప్రయత్నించాను. మూడో మనిషి దగ్గరే లెక్క తప్పింది.

ఇంత పని చేసినవాళ్లకు తాము గీస్తున్నది ఏమిటో తెలియదు. ఇది ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన సంగతి. మెకంజీ కూడా దీన్ని జైనుల కట్టడమనే అనుకున్నాడు. బుద్ధుడి కథలు చెప్పేవాళ్లు కృష్ణాతీరంలో అప్పటికి ఎన్నో వందల ఏళ్లుగా లేరు. ఆరు దంతాల ఏనుగు ఎవరో, ఖాళీ సింహాసనానికి జనం ఎందుకు మొక్కుతున్నారో, పళ్లెంలో పెట్టిన తలపాగాను దేవతలు ఎందుకు ఆకాశంలోకి మోసుకుపోతున్నారో చెప్పే మనిషి ఆ ఊళ్లో లేడు. ఏ కథో తెలిస్తే కన్ను తొందరపడుతుంది. చెట్టు కింద కూర్చున్నాడు, ఇది జ్ఞానోదయం అనుకుని ఆకులు గబగబా గీసి ముందుకు పోతుంది. కథ తెలియనివాడికి ఆకు, పాదం, జంధ్యంలా వేలాడే దండ, మూలన నక్కిన మరుగుజ్జు, అన్నీ సమానమే. దేన్నీ వదిలేందుకు లేదు. మా పంతులుగారు అర్థం ఎందుకు అడగలేదో నాకు ఇక్కడ తెలిసింది.

మన తాళపత్ర లేఖకులు కూడా పుస్తకం చివర ఒక మాట రాసుకునేవారు. నేను చూసిన ప్రతిలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పుంటే నన్ను తిట్టవద్దు అని. కళింగం నుంచి కంచి దాకా ఎందరో లేఖకులు అదే మాట రాశారు. చాలామందికి అది వినయంలా కనిపిస్తుంది. నాకు అది వృత్తి ప్రమాణంలా వినిపిస్తుంది.

బొమ్మలు ఒక్క సంపుటితో ఆగలేదు. మూడు కట్టలు తయారయ్యాయి: ఒకటి కలకత్తాకు, ఒకటి మద్రాసుకు, ఒకటి లండన్‌కు. అంటే రాయి చూసి గీసిన బొమ్మ ఒకటి, బొమ్మ చూసి గీసిన బొమ్మలు మరికొన్ని. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఎండలో రాయి ముందు కూర్చున్న చెయ్యి వేరు, కచేరీ గదిలో బల్ల ముందు కూర్చున్న చెయ్యి వేరు. సర్వే బడిలో నేర్చిన గీతకు ఒక బుద్ధి ఉంటుంది. వంపును కాస్త సాఫీ చేస్తుంది, అరిగిన ముఖానికి తెలియకుండానే ముక్కు తీరుస్తుంది. అందుకే ఈ బొమ్మలను సాక్ష్యంగా తీసుకునే చరిత్రకారులు, రాయి కూడా దక్కినచోట బొమ్మనూ రాయినీ పక్కపక్కన పెట్టి, చెయ్యి ఎంత నమ్మదగినదో ముందు తేల్చుకుంటారు. ఆ పరీక్షలో ఈ కుర్రాళ్లు గట్టిగానే నిలబడ్డారు.

పేర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. జర్మనీలో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తన ప్రతి బొమ్మ మూలనా రెండక్షరాల గుర్తు వేసేవాడు. 1506 ప్రాంతంలో వెనిస్‌లో మార్కంతోనియో రైమొందీ అనే యువకుడు డ్యూరర్ చెక్క అచ్చుల బొమ్మలను రాగి రేకుల మీద దింపుతూ ఆ గుర్తును కూడా దింపేశాడు. డ్యూరర్ ఫిర్యాదు చేస్తే, బొమ్మ దింపుకోవచ్చు, గుర్తు మాత్రం వాడకూడదని అక్కడి ప్రభుత్వం తీర్పు చెప్పిందని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి అన్నాడు. చెక్కినవాడి పేరుకు అంత పట్టింపు. అమరావతిలో లెక్క వేరు. ఆ పలకల మీద పేర్లు బోలెడు ఉన్నాయి. అయితే అవి చెక్కినవాళ్లవి కావు, చెక్కించినవాళ్లవి. చర్మకారుడు విధికుడు ఒక పలక ఇచ్చాడు. సుగంధ ద్రవ్యాల వ్యాపారి హంఘుడు ఇంకొకటి ఇచ్చాడు. భిక్షుణులు ఇచ్చారు, గృహిణులు ఇచ్చారు. ఉలి పట్టినవాడు పేరు చెప్పుకోలేదు.

మరి రాళ్లేమయ్యాయి? మెకంజీ కొన్నిటిని కలకత్తాకు పంపాడు. కొన్ని నది దిగి బందరు చేరాయి. 1821 మే 8న కలకత్తాకు దగ్గర, హుగ్లీ నది మీద పడవలో మెకంజీ చనిపోయాడు. బందరులో రాబర్ట్‌సన్ అనే అధికారి కొత్తగా పేట కట్టించి, అమరావతి పలకలను తెప్పించి, అంగడి నడుమ అలంకారంగా నిలబెట్టించాడు. ఇవాళ్టి రాబర్ట్‌సన్‌పేట అదే. కూరగాయల బేరాల నడుమ జాతక కథలు! 1830లలో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చినప్పుడు వాటిని చూసి, మద్రాసుకు తరలించాలన్నాడు. ఆ మాట జరగడానికి ఏళ్లు పట్టింది.

1845లో గుంటూరులో ఉన్న వాల్టర్ ఇలియట్ దిన్నెను మళ్లీ తవ్వించాడు. దొరికిన పలకలు మద్రాసు చేరి, ఆరుబయట గడ్డిలో ఎండకూ వానకూ చాలాకాలం పడి ఉన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ వాటికి ఫొటోలు తీశాడు. మరుసటి సంవత్సరం 121 రాళ్లను ఓడ ఎక్కించారు. లండన్‌లోనూ వాటికి తిన్నగా గది దొరకలేదు. రేవు గిడ్డంగిలో కొంతకాలం, ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్ల కొట్టంలో కొంతకాలం. భారతీయ వాస్తు మీద పుస్తకాలు రాసే జేమ్స్ ఫెర్గుసన్ 1867 ప్యారిస్ ప్రదర్శనకు ఫొటోలు వెతుకుతూ వీటిని పట్టుకున్నాడు. రాళ్లు కొట్టంలో ఉన్నాయి, మెకంజీ బొమ్మల సంపుటి కంపెనీ పాత గ్రంథాలయంలో ఉంది. ఒకే ఊళ్లో ఉంటూ అంతవరకూ ఒకదాని ముఖం ఒకటి చూడలేదు. ఫెర్గుసన్ రెండిటినీ కలిపి కూర్చున్నాడు. విడివిడి ముక్కల్లో ఏది దేని పక్కన నిలిచి ఉండేదో అప్పుడు తేలడం మొదలైంది. 1868లో ఆయన వేసిన పెద్ద పుస్తకంలో ఫొటోలతోపాటు మెకంజీ మనుషుల బొమ్మలు రాతి అచ్చులో వచ్చాయి. అమరావతి రాయి కాగితమైంది, ఆ కాగితాన్ని మళ్లీ ఇంకో రాయి మీద గీసి ప్రపంచానికి అచ్చు కొట్టారు. ఆ బొమ్మల అందాన్నీ కచ్చితత్వాన్నీ ఫెర్గుసన్ మనసారా మెచ్చుకున్నాడు.

దీపాలదిన్నెకు ఆఖరి దెబ్బ 1880లో తగిలింది. అంతకు మూడేళ్ల ముందు, 1877లో, రాబర్ట్ సూయల్ అనే అధికారి ఒక మూల మాత్రం నెమ్మదిగా తవ్వి, ఏ రాయి ఎక్కడ ఉందో రాసుకుంటూ వచ్చాడు. మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు ఆ తర్వాత మొత్తం దిన్నెను ఒక్కసారిగా శుభ్రం చేయించాడు. పురావస్తు నిపుణుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ పెద్ద గొయ్యి, చుట్టూ స్థానం తప్పిన పలకలు. 50 మీటర్ల అడ్డకొలతతో నిలిచిన ఆ మహాస్తూపంలో ఏ పలక ఏ దిక్కున ఉండేదో చెప్పడానికి నేల మీద ఆనవాలు పోయింది. అలాంటప్పుడు 1816 నాటి మెకంజీ కొలత పటానికి ఎంత విలువ ఉంటుందో ఊహించుకోండి. ఇంత చదివాక నాకు బట్టీవాడి మీద కోపం తగ్గింది. అతడికి ఆ రాయి ఏమిటో తెలియదు. 1880కి అందరికీ తెలుసు.

ఆ రాళ్ల మీద ఉన్నదే ఇంకో నకలు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. స్తూపం గుమ్మటం కింది గుండ్రని పీఠం చుట్టూ అమర్చిన పలకల్లో చాలావాటి మీద చెక్కిన బొమ్మ ఆ స్తూపానిదే. గుమ్మటం, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు, ద్వారం మీద సింహాలు, చుట్టూ కంచె, పైన ఎగిరే దేవతలు. కట్టడం కూలిపోయాక అది ఎలా ఉండేదో మనకు చెబుతున్నది ఆ కట్టడం మీది పలకలే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అలాంటి ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు పాతకాలపు శిల్పి చెక్కిన బోధివృక్షం. వందల ఏళ్ల తర్వాత ఎవరో ఆ రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్ని చెక్కి, పాత ముఖాన్ని లోపలికి పెట్టి అమర్చారు.

మాటల సంపదకు కూడా ఇదే జరిగింది. లక్ష్మయ్య బృందం రాయించిన కైఫియ్యత్తుల కాగితాలు పురుగు పట్టి, సిరా వెలిసి పోతుంటే, సి.పి. బ్రౌన్ మద్రాసులో పండితులను పెట్టి మళ్లీ రాయించాడు. ఊళ్ల చరిత్ర కోసం ఇవాళ మనం తిరగేసే సంపుటాల్లో చాలా భాగం ఆ రెండో చేతి రాతే. అమరావతి కైఫియ్యత్తు కూడా వాటిలో ఉంది. తమ ఊరి కైఫియ్యత్తు వెతుక్కుంటూ వచ్చే పాఠకులు ఉత్తరాల్లో అడుగుతుంటారు, అసలు ప్రతి ఎక్కడుందని. మీరు చదువుతున్న నకలును గౌరవించండని వాళ్లకు నా మనవి.

పలకల మీద అక్షరాలు ఉన్నాయని చెప్పాను. విధికుడి పేరు, హంఘుడి పేరు మనం చదువుతున్నాం. 1816లో వాటిని చదవగల మనిషి భూమ్మీద ఒక్కడూ లేడు. బ్రాహ్మి లిపి అప్పటికి మూగది. మెకంజీ మనుషులు ఆ రాతలను కూడా బొమ్మలే అనుకుని గీశారు. సంపుటి ఒకటి కలకత్తా ఏసియాటిక్ సొసైటీకి చేరి అక్కడ ఉండిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1837లో, కలకత్తా టంకశాల ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్ దేశం నలుమూలల నుంచి వచ్చిన శాసనాల నకళ్లను ముందేసుకుని కూర్చున్నాడు. ఈ సంపుటిలోని అమరావతి శాసనాలు కూడా ఆయన కంటపడ్డాయి. అదే ఏడాది సాంచి కంచె మీది చిన్న చిన్న రాతల నకళ్లు చూస్తుండగా, దాదాపు ప్రతి రాతా అవే రెండక్షరాలతో, పక్కన ఒక చుక్కతో ముగియడం గమనించాడు. కంచె రాయి మీద పదే పదే వచ్చే ముగింపు ఏమై ఉంటుంది? ఇచ్చినవాడు తన పేరు చెప్పి, చివర ఏమంటాడు?

దానం.

ఆ రెండక్షరాలతో తాళం తెరుచుకుంది. అమరావతి పాత రాతల్లోనూ ఆ మాట ఉంది. ఎండలో పలక ముందు కూర్చున్న కుర్రాడు దాన్ని ఒక నిలువు గీత, ఒక వంపు, ఒక చుక్క అని చూసి, ఆ చుక్క రాతి మీది గుంటో అక్షరంలో భాగమో తెలియక, ఎందుకైనా మంచిదని చుక్క పెట్టి, పక్క గీతకు జరిగాడు.

(తరువాయి వచ్చే సంచికలో: ఏలూరు కావలి సోదరులు)